పాత పురపాలక భవనం: పటిష్టపరచాలా, కూల్చి కొత్తది కట్టాలా? కౌన్సిల్ నోట్‌లో ఏమేం ఉండాలి?

1. పురపాలిక_ఏఈ

కౌన్సిల్ ముందుకు రెండు ప్రతిపాదనలు వెళ్తున్నాయి. ఉన్న కార్యాలయ భవనాన్ని పటిష్టపరిచి బాగుచేయడం ఒకటి. కూల్చేసి అదే స్థలంలో కొత్తది కట్టడం రెండోది.

భవనం జీ ప్లస్ 2, మొత్తం 4,200 చ.మీ. ఆర్‌సీసీ (ఊచలు వేసిన కాంక్రీటు) ఫ్రేము, కట్టి 40 ఏళ్లు. పిల్లర్ల మధ్య 6 మీటర్లు, శ్లాబు నుంచి శ్లాబుకు 3.2 మీటర్లు. కింది అంతస్తులో సగభాగం గోడలు లేని పార్కింగ్. పక్కనే అంతకంటే చాలా పాతదైన సభా మందిరం, ఇటుక గోడలు, సున్నపు కట్టుబడి. కార్యాలయంలో శ్లాబు అడుగున పెచ్చులు ఊడుతున్నాయి, మరుగుదొడ్ల కింద ఊచలు బయటపడ్డాయి.

కన్సల్టెంట్ ఇచ్చిన ఒక్క పేజీలో "మరమ్మతు ఖర్చు కొత్తదానిలో 62 శాతం, కాబట్టి కొత్తదే మేలు" అని ఉంది. ఈ ఒక్క అంకె మీద తీర్మానం పెట్టడం సబబేనా? నోట్‌లో ఇంకేం చేర్చాలి?

2. కోర్_కట్టర్

సబబు కాదు. ఆ 62 ఎక్కడ నుంచి వచ్చిందో ముందు అడగండి. చదరపు మీటరుకు ఇంత అని గుత్తగా వేసిన మరమ్మతు ఎస్టిమేటుకు విలువ లేదు. పెచ్చులు ఎంత లోతు, ఊచ ఎంత తిన్నది, కాంక్రీటు బలం ఎంత అన్నవి కొలిచాకే మరమ్మతుకు ధర కట్టగలం.

కనీసం చేయించాల్సినవి చెబుతాను. మొదట కవర్ మీటరుతో ఊచలు ఎక్కడున్నాయో, పైన కాంక్రీటు ఎంత మందం ఉందో చూసుకోవాలి. తర్వాత అల్ట్రాసోనిక్ వేగం, అంటే కాంక్రీటు గుండా ధ్వని తరంగం వెళ్లే వేగం. అది సెకనుకు 3 కిలోమీటర్లు దాటకపోతే లోపల ఖాళీలో, పగుళ్లో ఉన్నాయని అనుమానించాలి. ఈ రెండూ చూశాక, అనుమానం ఉన్నచోటా బాగున్నచోటా కూడా కోర్లు (పరీక్షకు గుండ్రంగా కోసి తీసే కాంక్రీటు ముక్కలు) తీయాలి. కోర్ వ్యాసం కంకర సైజుకు కనీసం మూడు రెట్లు ఉండాలి. 20 మి.మీ. కంకరైతే 100 మి.మీ. కోర్ తీయడం మంచిది, పొడవు వ్యాసానికి రెట్టింపు ఉంటే దిద్దుబాటు గుణకాల గొడవ ఉండదు. మూడు కోర్ల సగటు అనుకున్న బలంలో 85 శాతానికి తగ్గకూడదు, ఏ ఒక్కటీ 75 శాతం కిందికి పోకూడదు.

పిల్లరు పైభాగంలో కాంక్రీటు కిందిభాగం కన్నా బలహీనంగా ఉంటుంది, పోసినప్పుడు నీళ్లు పైకి తేలతాయి కనుక. కోర్లన్నీ నిలబడి తీయడానికి వీలైన నడుము ఎత్తులోనే తీస్తే ఫలితం అసలుకంటే మెరుగ్గా కనబడుతుంది. తీసిన రంధ్రాలను కుంచించుకుపోని గ్రౌట్‌తో అదే రోజు నింపాలి.

3. పురపాలిక_ఏఈ

ఇప్పటిదాకా చేసింది రీబౌండ్ హ్యామర్ (కాంక్రీటు పైముఖం మీద కొట్టి గట్టిదనం చూసే పరికరం) ఒక్కటే. 60 చోట్ల కొట్టి "కాంక్రీటు బలం బాగుంది" అని రాశారు. కార్బొనేషన్ (గాలి తగిలి, ఊచను కాపాడే క్షారం కాంక్రీటులో ఎంత లోతు దాకా పోయిందన్నది) మూడుచోట్ల చూశారు, మూడింట్లోనూ 20 మి.మీ. అటూఇటూ వచ్చింది. ఒక నివేదికలో బలం బాగుందంటారు, ఇంకో నివేదికలో కూల్చాలంటారు. రెండూ ఒకే కన్సల్టెంటువి.

4. కోర్_కట్టర్

ఆ రెండు అంకెలకూ సంబంధం ఉంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలిన పైపొర గట్టిపడుతుంది. హ్యామర్ కొట్టేది ఆ పొరనే. అందుకే 40 ఏళ్ల భవనంలో హ్యామర్ అంకె బలాన్ని ఎక్కువ చేసి చూపిస్తుంది. ఎక్కడ తేడాగా ఉందో వెతకడానికి దాన్ని వాడండి, బలం ఎంతో చెప్పడానికి మాత్రం కోర్లే కావాలి.

అసలు ఉపయోగపడే అంకె ఆ 20 మి.మీ. కార్బొనేషన్ లోతు కాలం వర్గమూలానికి అనుగుణంగా పెరుగుతుంది. 40 ఏళ్లలో 20 మి.మీ. అంటే గుణకం సుమారు 3.16. దీన్ని కవర్‌తో, అంటే ఊచ మీది కాంక్రీటు మందంతో, పోల్చి చూడండి. శ్లాబుకు 15 మి.మీ. కవర్ ఉంటే 22 ఏళ్లకే ఊచ దగ్గరికి చేరిపోయింది. బీముకు 25 ఉంటే 62 ఏళ్లు పడుతుంది. పిల్లరుకు 40 ఉంటే 160 ఏళ్లు. అంటే ఈ భవనంలో శ్లాబుల అడుగు దెబ్బతినడం సహజం, అంతమాత్రాన పిల్లర్లూ బీములూ పాడయ్యాయని అర్థం కాదు. ఊడిన పెచ్చులు చూసి భవనం మొత్తానికి ఆయువు తీరిందనుకోవడం ఇక్కడ జరుగుతున్న పొరపాటు.

అయితే మూడు చోట్లు చాలవు. అంతస్తుకు కనీసం ఆరేడు చోట్ల, శ్లాబుకూ బీముకూ పిల్లరుకూ విడివిడిగా చూడాలి. అప్పుడే పగలగొట్టిన తాజా ముఖం మీద ఒక శాతం ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లాలి. గులాబీ రంగు వచ్చిన మేర క్షారం మిగిలి ఉంది, రంగు రానిదంతా పోయినట్టే. డ్రిల్లు పొడి అంటిన ముఖం మీద చల్లితే తప్పుడు రంగు వస్తుంది.

క్షారం పోయినచోటల్లా ఊచ తుప్పు పట్టదు. తేమ కూడా కావాలి. అందుకే పొడిగా ఉన్న గదుల్లో ఏమీ కాకుండా మరుగుదొడ్ల కింద మాత్రమే ఊచలు బయటపడ్డాయి. అక్కడ హాఫ్ సెల్ పరీక్ష (ఊచ దగ్గర వోల్టేజీ కొలిచి తుప్పును పసిగట్టేది) చేయించండి. రాగి సల్ఫేటు ఎలక్ట్రోడుతో మైనస్ 350 మిల్లీవోల్టుల కన్నా కిందికి పోతే తుప్పు నడుస్తున్నదనడానికి 90 శాతానికి పైగా అవకాశం. మైనస్ 200కు పైనే ఉంటే దాదాపు లేనట్టే. క్లోరైడ్ శాతం కూడా చూడాలి. క్లోరైడ్ ఎక్కువుంటే పైన చెప్పిన లెక్కలన్నీ పక్కనపెట్టాల్సిందే.

5. శ్లాబు_మరమ్మతు

పెచ్చులకు సిమెంటు పూత పూసి రంగు వేస్తే రెండు మూడేళ్లలో మళ్లీ ఊడతాయి. ఎస్టిమేటులో సరైన పద్ధతి రాసి ఉందో లేదో చూడండి.

ముందు కింద ప్రాపులు పెట్టాలి. శ్లాబంతా ఒకేసారి కొట్టకుండా ఒక పట్టీ వదిలి ఒక పట్టీ చొప్పున కొట్టాలి. ఊచ వెనక కూడా 20 నుంచి 25 మి.మీ. ఖాళీ వచ్చేదాకా, ఊచ తళతళలాడే భాగం కనబడేదాకా పొడవునా తీసుకుంటూ పోవాలి. చాలాచోట్ల తప్పేది ఇక్కడే. ఊచ ముందువైపే శుభ్రం చేసి వెనకవైపు తుప్పు వదిలేస్తారు. తుప్పు అసలు ఉక్కు కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది, మళ్లీ పెచ్చును తోసేస్తుంది.

శుభ్రం చేశాక వెర్నియర్‌తో ఊచ వ్యాసం కొలవాలి. 12 మి.మీ. ఊచ 10.5కి తగ్గితే చూడ్డానికి చిన్న తేడాగా ఉంటుంది గానీ వైశాల్యంలో 23 శాతం పోయినట్టు. 20 శాతం దాటితే పక్కన కొత్త ఊచ చేర్చాలి, అతుకు పొడవు డిజైన్ ప్రకారం ఉండాలి. తర్వాత జింక్ ప్రైమర్, బాండ్ కోటు, పాలిమర్ మోర్టారు. మోర్టారు ఒక్కో పొర 20-25 మి.మీ. మించకూడదు. గుంత 50 మి.మీ. దాటితే మోర్టారు వద్దు, సెంట్రింగ్ కట్టి మైక్రోకాంక్రీటు పోయాలి.

ఇంకొకటి. కొత్త మోర్టారు అంచు చుట్టూ పాత కాంక్రీటులో తుప్పు మరింత వేగంగా మొదలవుతుంది. అంతకుముందు తుప్పు పట్టిన చోటే చుట్టుపక్కల ఊచను కాపాడుతూ ఉంటుంది, దాన్ని బాగుచేసేసరికి ఆ రక్షణ పోతుంది. అందుకే క్లోరైడ్ ఉన్నచోట ప్యాచ్ అంచున జింక్ ఆనోడ్లు (ఊచకు బదులు తామే తినబడే జింకు ముక్కలు) ఊచకు కట్టాలి. దీనికి విడిగా ఐటెం లేకపోతే ఎస్టిమేటు అసంపూర్ణం.

మరుగుదొడ్ల లీకు ఆపకుండా ఈ పనులేవీ చేయొద్దు. ట్రాపులు, పైపులు మార్చి వాటర్‌ప్రూఫింగ్ చేసి, 48 గంటలు నీళ్లు నిలిపి చూశాకే కింద మరమ్మతు.

6. దూలం_లెక్క

నాకు పెచ్చుల కంటే పార్కింగ్ ఎక్కువ కలవరం కలిగిస్తోంది. పై రెండు అంతస్తుల్లో ఇటుక గోడలున్నాయి, కింద సగభాగంలో లేవు. భూకంపంలో వంగేదంతా ఆ అంతస్తు పిల్లర్లలోనే జరుగుతుంది, పైభాగం మొత్తం ఒకే దిమ్మలా కదులుతుంది. పైగా గోడలు ఒకవైపే ఉన్నాయి కనుక భవనం మెలి తిరుగుతుంది. కాంక్రీటు ఎంత బాగున్నా ఈ లోపం అలాగే ఉంటుంది. మరమ్మతు ఎస్టిమేటులో దీనికి డబ్బు పెట్టారా?

చాలామంది పిల్లరు జాకెటింగ్, అంటే పిల్లరు చుట్టూ కొత్త కాంక్రీటు తొడుగు, అంటారు. లెక్క చూడండి. 300 చదరపు పిల్లరుకు చుట్టూ 100 మి.మీ. జాకెట్ వేస్తే 500 అవుతుంది. వంపును నిలువరించే జడత్వ భ్రామకం 7.7 రెట్లు పెరుగుతుంది. అడ్డబలం గట్టిగా ఉన్న పిల్లరు మీదికే ఎక్కువ పోతుంది కాబట్టి నాలుగు పిల్లర్లకే జాకెట్ వేస్తే ఆ నాలుగూ, వాటి కింది పునాదులూ మొత్తం భారం మోయాల్సి వస్తుంది. జాకెట్ ఊచలు పునాదిలోకి దిగాలి, శ్లాబులో రంధ్రాలు చేసి పైకి కొనసాగాలి. శ్లాబు దగ్గర ఆపేసిన జాకెట్ బరువు మోయడానికి కొంత పనికొస్తుందేమో, వంపుకు పనికిరాదు.

ఈ ప్లానుకు నేనైతే పార్కింగ్ భాగంలో రెండు దిశల్లో కాంక్రీటు షియర్ వాల్స్ (అడ్డబలాన్ని మోసే గోడలు) పెట్టి చూస్తాను. పార్కింగ్ కొంత పోతుంది, పిల్లర్ల పని చాలా తగ్గుతుంది. గోడల కింద కొత్త పునాది ఖర్చు తప్పనిసరిగా కలపాలి. సాధారణంగా వదిలేసేది దాన్నే.

7. నీలి_ప్లాను

కట్టడం బలం ఒక్కటే తేలితే చాలదు, ఈ భవనం కార్యాలయంగా పనికొస్తుందా అన్నది కూడా తేలాలి.

3.2 మీటర్ల ఎత్తులో 600 లోతు బీము పోతే కింద 2.6 మిగులుతుంది. సెంట్రల్ ఏసీ డక్టులు అడ్డంగా పోవడానికి చోటు లేదు. గది గదికీ విడి యూనిట్లు, గోడ పక్కగా కేబుల్ ట్రేలు అయితే సరిపోతుంది. డిజైన్ దానికి తగ్గట్టు ఉండాలి, కొత్త భవనం కోసం గీసిన ఏసీ డిజైన్ తెచ్చి ఇక్కడ ఇరికించకూడదు.

కౌన్సిల్ హాలుకు 12 నుంచి 15 మీటర్ల వెడల్పులో పిల్లర్లు లేని చోటు కావాలి. 6 మీటర్ల గ్రిడ్‌లో అది రాదు. మధ్య పిల్లరు తీసేద్దాం అనే ఆలోచన ఎవరైనా చేస్తే అక్కడే ఆపేయండి. పై అంతస్తు పైకప్పు మార్చి అక్కడ పెట్టొచ్చు, లేదా పాత సభా మందిరాన్నే కౌన్సిల్ హాలు చేయొచ్చు.

రికార్డు గదులు ఎక్కడున్నాయో చూశారా? కార్యాలయ శ్లాబులు చదరపు మీటరుకు 2.5 నుంచి 4 కిలోన్యూటన్లకు డిజైన్ చేస్తారు. 2.2 మీటర్ల ఎత్తు అరల్లో కట్టలు పేరిస్తే 6 కావాలి. పట్టాల మీద జరిగే కాంపాక్టరు అరలైతే ఇంకా ఎక్కువ. రికార్డులు రెండో అంతస్తులో ఉంటే వాటిని నేల మీదికి దించడం వల్లే కొన్ని శ్లాబుల పటిష్టీకరణ తప్పుతుంది.

వీల్‌చైర్ ర్యాంపుకు 1:12 వాలు. ప్లింతు 600 మి.మీ. ఎత్తుంటే 7.2 మీటర్ల ర్యాంపు, ల్యాండింగులు అదనం. పోర్టికో ముందు అంత చోటుందా?

8. దూలం_లెక్క

లిఫ్టు గురించి ఒక మాట. భవనం లోపల శ్లాబు కోసి లిఫ్టు పెడదామంటారు. పిట్ సుమారు ఒకటిన్నర మీటర్ల లోతు ఉంటుంది, పక్క పిల్లర్ల ఫుటింగులు (పునాది దిమ్మలు) సరిగ్గా ఆ లోతులోనే అడ్డం వస్తాయి. ఫుటింగు అంచు కొట్టడం కుదరదు. బయట విడి టవరు, విడి పునాది, మధ్యలో జాయింటు. రెండో మెట్లదారి కూడా ఆ టవరులోనే వస్తే అగ్నిమాపక నిబంధన కూడా తీరుతుంది.

9. ఖాతా_పుస్తకం

ఇక డబ్బు. 62 శాతానికి 100 శాతానికి పోలిక మొదటి రోజు బిల్లుకు మాత్రమే. రెండు ప్రతిపాదనలకూ ఒకే అవసరాల జాబితా, ఒకే కాలం, ఒకే వడ్డీ రేటు పెట్టి చూడాలి. నమూనా లెక్క వేస్తున్నాను, మీ అంకెలు పెట్టి మార్చుకోండి. కొత్త నిర్మాణం ఖర్చు 100 యూనిట్లు, కాలం 30 ఏళ్లు, ధరల పెరుగుదల తీసేసిన రేటు 5 శాతం.

మరమ్మతు: పని 62, అనుకోని ఖర్చులకు 20 శాతం అంటే 12.4, దశలవారీ తరలింపుకు 4. ఏటా నిర్వహణ, కరెంటు కలిపి 3.4, దాన్ని 15.37తో (30 ఏళ్ల ఖర్చును నేటి విలువకు తెచ్చే గుణకం) హెచ్చిస్తే 52.3. పదిహేనో ఏట ఏసీ, పంపులు, ప్యానెళ్లు మార్చడానికి 8, దాని నేటి విలువ 3.8. మొత్తం 134.5. ముప్ఫై ఏళ్ల చివర మిగిలే విలువ 10 అనుకుంటే నేటి లెక్కలో 2.3. నికరం 132.2.

కొత్తది: పని 100, అనుకోనివి 8, కూల్చివేత 4, రెండేళ్లు కార్యాలయాలకు తాత్కాలిక వసతి 7. ఏటా 2.5 చొప్పున 38.4. పదిహేనో ఏట మార్పిడి 3.8. మొత్తం 161.2. చివర మిగిలే విలువ 45, నేటి లెక్కలో 10.4. నికరం 150.8.

తేడా 18.6. అంటే మరమ్మతు ఎస్టిమేటు అనుకోని ఖర్చులతో కలిపి 74.4 అనుకున్నది 93 దాకా పెరిగినా రెండూ సమానమే. కౌన్సిల్‌కు చెప్పాల్సిన అంకె ఈ 93. "మరమ్మతు 93 దాటుతుందా?" అనే ప్రశ్నకు సర్వే జవాబిస్తుంది.

రేటు 3 శాతం పెడితే మరమ్మతు 146, కొత్తది 154.6. తేడా 8.6కి దిగుతుంది, సమానమయ్యే చోటు 83. కాబట్టి ఒకే రేటుతో వేసిన పట్టిక ఇవ్వొద్దు.

10. వార్డు_సభ్యురాలు

ఈ చర్చ చాలా ఉపయోగంగా ఉంది. ఒక సభ్యురాలిగా అడుగుతున్నాను. "మరమ్మతు సగం దాటితే కొత్తది కట్టాలి" అని ప్రతి సమావేశంలో వినిపిస్తుంది. దానికి ఆధారం ఏమిటి? రెండోది, మేం ఇప్పుడు బాగుచేస్తే పదేళ్లకు మళ్లీ ఇదే పరిస్థితి రాదని హామీ ఏది?

11. ఖాతా_పుస్తకం

అమ్మా, సగం అనేది తొలి వడపోతకు వాడే చేతిలెక్క. కూల్చివేత, తాత్కాలిక వసతి, నిర్వహణ ఏవీ అందులో ఉండవు. పైన 5 శాతం రేటుతో వేసిన లెక్కలో 62 కాదు, 75 దగ్గర కూడా మరమ్మతే గెలుస్తుంది. ఇంకో భవనంలో 45 దగ్గరే ఓడిపోవచ్చు.

రెండో ప్రశ్న అసలైనది. భవనాల పరిస్థితిని కొలిచే సూచిక ఒకటుంది. పేరుకుపోయిన మరమ్మతుల ఖర్చును, ఈ రోజు అదే భవనం కొత్తగా కట్టే ఖర్చుతో భాగిస్తే వచ్చేది. 5 శాతం లోపు బాగున్నట్టు, 10 దాటితే అధ్వానం. మీ భవనం అక్కడికి చేరడానికి కారణం ఏటా చేయాల్సింది చేయకపోవడమే. అమెరికా నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్ 1990లోనే ప్రభుత్వ భవనాలకు వాటి కొత్త విలువలో ఏటా 2 నుంచి 4 శాతం నిర్వహణకు కేటాయించాలని చెప్పింది. తీర్మానంలో ఏది ఎంచుకున్నా ఈ కేటాయింపును విడి పద్దుగా, వేరే పనికి మళ్లించకుండా రాయించండి. అది లేకపోతే కొత్త భవనం కూడా అదే దారి పడుతుంది. టెర్రస్ నీటిగొట్టం మూసుకుపోవడం, సీలెంటు ఎండిపోవడం కొత్త భవనానికి మినహాయింపు కాదు.

ఒక జాగ్రత్త: ఆ సూచికలో మెట్లు చాలకపోవడం, ర్యాంపు లేకపోవడం, భూకంప బలహీనత లాంటివి రావు. వాటిని పక్కన విడిగా చూపాలి.

12. సున్నపు_గోడ

సభా మందిరం గురించి ఎవరూ మాట్లాడటం లేదు. దాన్ని "శిథిలం" అని కూల్చే జాబితాలో వేసేస్తారేమోనని నా ఆందోళన.

సున్నపు గోడకు సిమెంటు ప్లాస్టరింగ్, పైన ఎనామిల్ రంగు వేసి ఉంటే ముందు అవి తీయాలి. నేల తేమ గోడలో మీటరు, మీటరున్నర దాకా పైకెక్కుతుంది. సున్నపు పూతైతే బయటికి ఆరిపోతుంది. సిమెంటు పూత దాన్ని లోపలే బంధిస్తుంది, తేమ ఇంకా పైకెక్కుతుంది, లవణాలు ఇటుక ముఖాన్ని పొడి చేస్తాయి. అది చూసి గోడ బలం పోయిందనుకుంటారు.

క్రమం ఇదీ. బయట నేలమట్టం లోపలి నేల కంటే కనీసం 150 మి.మీ. కిందికి తేవాలి. ఏళ్ల తరబడి రోడ్లు వేసి వేసి చాలాచోట్ల పైకి వచ్చేసి ఉంటుంది. వాననీటి గొట్టాలు గోడకు దూరంగా వదలాలి. సిమెంటు పూత మొత్తం తీసి, కీళ్లు 20-25 మి.మీ. లోతు గీకి సున్నంతో నింపాలి. తర్వాత ఆరనివ్వాలి. అంగుళం మందానికి నెల చొప్పున అన్నది పాత లెక్క, 450 మి.మీ. గోడకు ఏడాదిన్నర. కాంట్రాక్టు గడువు ఏడాది పెడితే తడి గోడ మీదే పూత వేయాల్సి వస్తుంది. పని రెండు దశలుగా టెండరు పిలవడమే మార్గం.

పైకప్పు ఉక్కు దూలాల మీద ఇటుక కమానులైతే, దూలం గోడలో దూరిన చివర తప్పనిసరిగా తెరిచి చూడండి. మధ్యలో శుభ్రంగా కనబడే దూలం ఆ చివర సగం తిని ఉండొచ్చు.

భూకంపానికి ఇలాంటి గోడలకు ముందు కావాల్సింది నాలుగు గోడలనూ పైకప్పునూ ఒకటిగా కట్టిపడేసే పట్టీలు, టై రాడ్లు. ఇంతకంటే ఎంతో పెద్ద రాతి కట్టడాలనే నిలబెట్టారు. 1894 నాటి సాల్ట్ లేక్ సిటీ అండ్ కౌంటీ భవనాన్ని 1989 నాటికి పునాది దగ్గర వేరుచేసి 443 రబ్బరు బేరింగుల మీద నిలిపారు. మీ హాలుకు అంత పని అవసరం రాదు, టై రాడ్లకు పెట్టే ఖర్చు దానితో పోల్చదగిందే కాదు.

13. టెండరు_షెడ్యూలు

మరమ్మతు ఎస్టిమేట్లు ఎందుకు పేలతాయో చెప్పాలి, లేకపోతే ఖాతా_పుస్తకం గారి 93 అంకెకు అర్థం ఉండదు.

వెల్లింగ్టన్ టౌన్ హాలు 1904 నాటిది, 2013లో మూతపడింది. 2019లో కౌన్సిల్ 14.5 కోట్ల న్యూజిలాండ్ డాలర్లకు ఒప్పుకుంది. 2023 వచ్చేసరికి గరిష్ఠ అంచనా 32.9 కోట్లకు చేరింది. పని మధ్యలో ఆపలేని స్థితిలో కౌన్సిల్ దానికీ ఒప్పుకోవాల్సి వచ్చింది. పాత కట్టడం, పునాది కింద నేల తెరిచాకే అసలు పని ఎంతో తెలిసింది. అదే దేశంలో 1972 నాటి క్రైస్ట్‌చర్చ్ టౌన్ హాలు 2011 భూకంపంలో దెబ్బతిని, కౌన్సిల్ నిలబెట్టాలని నిర్ణయించాక 2019లో మళ్లీ తెరుచుకుంది. కాబట్టి పాతది నిలబెట్టడం సాధ్యమే, తెరవకముందే ధర ఖాయం చేయడమే ప్రమాదం.

అందుకని టెండరుకు ముందే చిన్న విడి పనిగా తెరిచి చూసే కాంట్రాక్టు ఇవ్వండి. ఫాల్స్ సీలింగు తీయడం, ఎంపిక చేసిన 20 చోట్ల ప్లాస్టరు కొట్టడం, నాలుగైదు ఫుటింగుల దాకా తవ్వి కొలవడం, నేల పరీక్ష. పాత డ్రాయింగులో 1.8 మీటర్ల ఫుటింగు ఉంటే నేలలో 1.5 ఉండొచ్చు. ఆస్‌బెస్టాస్ రేకులు, పైపు చుట్టలు, సీసపు రంగులు ఎక్కడున్నాయో అప్పుడే గుర్తించాలి. ఆస్‌బెస్టాస్‌ను తడిపి, పగలగొట్టకుండా తీసి, రెండు పొరల సంచుల్లో కట్టాలి. కూల్చినా బాగుచేసినా ముందు జరగాల్సిన పని ఇది.

తర్వాత అసలు టెండరు ఐటెం రేటు పద్ధతిలో, అంటే ఒక్కో రకం పనికి ఒక్కో రేటు, జరిగిన కొలతకే బిల్లు. శ్లాబు మరమ్మతును లోతును బట్టి మూడు ఐటెంలు చేయండి: 25 మి.మీ. వరకు, 25 నుంచి 50, 50 పైన. ఒక్కటే ఐటెం పెడితే కాంట్రాక్టరు పైపై గీకుడుకు అదే రేటు తీసుకుంటాడు, లోతైన గుంతలు వదిలేస్తాడు. కొట్టకముందు, కొట్టాక గ్రిడ్ నంబరుతో ఫొటో, ఉమ్మడి కొలత. పూసేశాక కొలిచే పద్ధతి ఉండకూడదు. గుత్త ధర టెండరు మరమ్మతుకు అసలు పనికిరాదు.

14. కొత్త_గ్రిడ్

కొత్త నిర్మాణం తరఫున కూడా ఒకరు మాట్లాడాలి. కొన్ని పరిస్థితుల్లో పట్టుదలగా పాతది నిలబెట్టడం ప్రజాధనానికి నష్టం.

కోర్ల బలం 10 మెగాపాస్కల్స్ దగ్గర వస్తే మోర్టారు, జాకెట్ ఏదీ దానికి సరిగా అంటుకోదు. పోసేటప్పుడే కాంక్రీటులో క్లోరైడ్ కలిసి ఉంటే పిల్లర్లతో సహా అన్నిచోట్లా తుప్పు నడుస్తుంది, ఒకచోట ఆపితే ఇంకోచోట లేస్తుంది. పునాదులు అసమానంగా కుంగుతూ, పగుళ్ల మీద కదలిక తెలియడానికి అతికించిన గాజు పట్టీలు (టెల్‌టేల్స్) నెలల్లోనే పగులుతుంటే కారణం తేలేవరకు పైన రూపాయి పెట్టొద్దు. భవనం వరదమట్టం కింద ఉంటే శ్లాబు బాగుచేసి ప్రయోజనం లేదు. ఈ నాలుగింట్లో ఏదున్నా నేను కొత్తదానికే ఓటేస్తాను. సర్వే నివేదికలో ఈ నాలుగింటికీ అవును, కాదు అని సూటిగా జవాబు రాయించండి.

కొత్తది కరెంటు తక్కువ వాడుతుందనే వాదన మాత్రం జాగ్రత్తగా చెప్పాలి. అమెరికా నేషనల్ ట్రస్ట్ 2011 అధ్యయనం ప్రకారం 30 శాతం పొదుపైన కొత్త భవనం కూడా, దాన్ని కట్టడంలో వెలువడిన కాలుష్యాన్ని పూడ్చుకోవడానికి రకాన్నిబట్టి 10 నుంచి 80 ఏళ్లు పడుతుంది. సిమెంటు, ఉక్కు వెలువరించేది మొదటి రోజే వెలువడిపోతుంది.

15. నీలి_ప్లాను

ఇప్పటిదాకా వచ్చినదాన్ని బట్టి మూడో ప్రతిపాదన కూడా నోట్‌లో ఉండాలి. పాత బ్లాకును షియర్ వాల్స్‌తో పటిష్టపరిచి మామూలు కార్యాలయ గదులకు ఉంచడం. సభా మందిరాన్ని కౌన్సిల్ హాలుగా వాడటం. లిఫ్టు, రెండో మెట్లు, మరుగుదొడ్లు, రికార్డు గది, పౌరసేవా కౌంటర్లు వెనక ఖాళీలో సుమారు 1,200 చ.మీ. చిన్న కొత్త బ్లాకులో. తడి పనులన్నీ కొత్త బ్లాకుకు పోతే పాత శ్లాబుల తుప్పుకు మూలకారణమే తొలగుతుంది.

వరుస కూడా కలిసొస్తుంది. ముందు కొత్త బ్లాకు కట్టి, సిబ్బందిని అంతస్తు తర్వాత అంతస్తుగా అందులోకి మార్చుకుంటూ పాతది బాగుచేయొచ్చు. బయట అద్దె వసతి అక్కర్లేదు. పని కాలం మాత్రం పెరుగుతుంది, దాన్ని దాచకుండా రాయాలి. ఉద్యోగులున్న భవనంలో కొట్టుడు పని ఆఫీసు వేళల తర్వాతే.

16. పురపాలిక_ఏఈ

వెనక ఖాళీ ఉంది, కానీ సభా మందిరం గోడకు 2 మీటర్ల దూరంలోనే కొత్త బ్లాకు వస్తుంది. మందిరం పునాది లోతు 1.2 మీటర్లే. కొత్త ఫుటింగులు 2 మీటర్లు దిగాలని నేల పరీక్ష చెబుతోంది. పునాది పక్కన తవ్వితే గోడ నిలుస్తుందా? కౌన్సిల్‌లో మొదటి ప్రశ్న ఇదే వస్తుంది.

17. పునాది_కింద

పాత పునాది అడుగు అంచు నుంచి 45 డిగ్రీల గీత కిందికి గీయండి. కొత్త తవ్వకం ఆ గీత దాటి లోపలికి రాకపోతే మామూలు జాగ్రత్తలు చాలు. మీ లోతు తేడా 0.8 మీటర్లు. అంటే పాత పునాది అంచు నుంచి గుంత అంచు కనీసం 0.8 మీటర్లు దూరంగా ఉండాలి. నేల వదులుగా ఉంటే, భూగర్భజలం పైన ఉంటే ఇంకా దూరం. 2 మీటర్లు గోడ ముఖం నుంచి కొలిచారా, పునాది అంచు నుంచి కొలిచారా చూసుకోండి. పాత ఇటుక గోడలకు పునాది మెట్లు మెట్లుగా బయటికి వెడల్పై ఉంటుంది, ఒక్కోవైపు అర మీటరు అందులోనే పోతుంది. సెంట్రింగ్‌కూ మనిషి దిగడానికీ ఇంకో అర మీటరు. అవి తీసేస్తే మీకు మిగిలేది మీటరే. సరిపోతుంది, కానీ బిగుతుగా.

సరిపోకపోతే రెండు దారులు. కొత్త బ్లాకు చివరి వరుస పిల్లర్లను లోపలికి జరిపి బీములను కాంటిలివర్‌గా బయటికి తేవడం సులువు, చవక. లేదంటే గోడకు అండర్‌పిన్నింగ్, అంటే పాత పునాది కింద కొత్త పునాది పోయడం. ఒక మీటరు నుంచి మీటరున్నర ముక్కలుగా, పక్కపక్క ముక్కలు ఎప్పుడూ ఒకేసారి తెరవకుండా, ఒకటి పోసి గట్టిపడ్డాక మాత్రమే దాని పక్కది. పైన కుంచించుకుపోని గ్రౌట్‌తో పాత పునాదికి బిగించాలి. ఆ ఖాళీ వదిలేస్తే గోడ అంతమేర దిగుతుంది.

తవ్వకం ఎండాకాలంలో పెట్టండి. గుంతలో నీరు తోడేటప్పుడు పంపు నీళ్లలో మట్టి రంగు కనబడితే వెంటనే ఆపాలి, గోడ కింది సన్నమట్టి కొట్టుకొస్తోందని అర్థం. మొదలుపెట్టే ముందే గోడ పొడవునా ఆరు చోట్ల మట్టం గుర్తులు పెట్టి, తవ్వినన్నాళ్లూ రోజూ ఉదయం రీడింగు తీయించండి. ఎన్ని మి.మీ. కదిలితే పని ఆపాలో స్ట్రక్చరల్ ఇంజినీరు చేత ముందే రాయించి కాంట్రాక్టులో పెట్టాలి, సైటులో అప్పటికప్పుడు తేల్చుకునే విషయం కాదది.

కొత్త బ్లాకును పాత ఆఫీసు బ్లాకుకు కలిపేచోట శ్లాబులు అతకొద్దు. రెండు భవనాలు భూకంపంలో ఎంతెంత ఊగుతాయో లెక్కగట్టి, ఢీకొనకుండా ఆ మేరకు ఖాళీ వదలాలి, పైన జారే కవర్ ప్లేటు పెట్టాలి. సెంట్రింగ్ చెక్కలు, థర్మకోల్, మోర్టారు ముక్కలు ఆ ఖాళీలో మిగిలిపోతే రెండు భవనాలూ కలిసినట్టే లెక్క. ప్లాస్టరింగ్‌కు ముందు టార్చి వేసి పైనుంచి కిందిదాకా చూసి, ఖాళీ శుభ్రంగా ఉందని కొలతల పుస్తకంలో సంతకం చేయించండి.